మా తీర్థయాత్ర

కాశీ రామేశ్వరాల సంగతులుంటాయని ఈ పుట తిప్పినవారెవరైనా వుంటే ముందే మనవి చేస్తున్నాను: మేం వెళ్ళింది గుంటూరు నుంచి ఒంగోలుకి. అదీ తిన్నగా పోయే పెద్దరోడ్డు మీద కాదు. రెండు రెండున్నర గంటల్లో చేరవలసిన వూరికి మూడు రోజులు పట్టేటట్టు, సముద్రపు ఒడ్డు పట్టుకొని, దారిలో దొరికిందల్లా తింటూ వెళ్ళాం. "తీర్థయాత్ర" అన్న పేరు మావారు పెట్టింది. అందులో తీర్థం అంటే ఏమిటో పోనుపోను మీకే తెలుస్తుంది.

దీనికంతటికీ మూలం మా పెద్దవాడు. వాడు కాలిఫోర్నియాలో వుంటాడు. మొన్నామధ్య మేం వెళ్ళినప్పుడు మమ్మల్ని నాపా అనే లోయకి తీసుకొనిపోయాడు. అక్కడ కనుచూపు మేర ద్రాక్షతోటలే. మొగుడూ పెళ్ళాం జంటలు జంటలుగా కార్లలో వస్తారు. తోటతోటకీ దిగుతారు. గాజుగ్లాసులో అడుగంటా పోసినదాన్ని గిరగిరా తిప్పుతారు, ముక్కు దగ్గర పెట్టుకొంటారు, ఓ గుక్క నోట్లో వేసుకొని ఆకాశంవైపు చూస్తారు. ఇందులో రేగుపండు వాసన వుందని ఆవిడా, కాదు కాలిన కర్ర వాసన అని ఆయనా! 1976లో పారిస్‌లో ఫ్రెంచివాళ్ళే న్యాయనిర్ణేతలుగా కూర్చొని, ఏ సీసాలో ఏది వుందో తెలియకుండా రుచి చూసి, తమవాటికంటే ఈ లోయలోవే మేలని మార్కులు వేశారట. ఆనాటినుంచీ దీని దశ తిరిగిందని మావాడు చెప్పాడు. చెప్పినవాడు ఊరుకోక, నాకు అర్థమవాలని వైను అన్నమాట తెలుగు చేసి, "ద్రాక్షసారా అమ్మా" అన్నాడు.

సారా అన్నమాట వినగానే నేను బయటికి వచ్చి చెట్టుకింద బల్లమీద కూర్చొన్నాను. ఎందుకో తరువాత చెబుతాను.

ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ మావారిది ఒకటే పాట. "వాళ్ళకున్నదేమిటే? ఓ సముద్రం, ఓ రోడ్డు, చేపలు, తాగడానికో రసం. మనకేం తక్కువ?" ఆయన లెక్కల మాస్టారు, రిటైరయినా లెక్క తేలేదాకా నిద్రపోరు. కత్తిపూడి దగ్గర మొదలై బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు రోడ్డు మన తీరం వెంబడే వుందని కనిపెట్టి, కాగితం మీద గీత గీసి, ఎక్కడెక్కడ ఏమేం తినాలో దానిపక్కన చుక్కలు పెట్టారు. ఒక చుక్క పక్కన మాత్రం ఏమీ రాయలేదు.

"ఇదేమిటండీ?" అన్నాను.

"అదా... అది తాటితోపు" అన్నారు, కళ్ళజోడు తుడుచుకొంటూ.

నేను రెండు షరతులు పెట్టాను. మొదటిది, ఇంటినుంచి క్యారేజీ కట్టను. పులిహోర లేదు, పెరుగన్నం లేదు, ఆఖరికి ఆవకాయ సీసా కూడా లేదు. ముప్ఫయ్యేడేళ్ళ కాపురంలో ఏ ప్రయాణానికైనా మావారు రైలెక్కితే నేను వంటిల్లు ఎక్కించుకొని వెళ్ళాను. ఈసారి మాత్రం నేను కూర్చోవాలి, ఎవరో వడ్డించాలి, వేడివేడిగా నా విస్తట్లోనే ముందు పడాలి. ఈ కోరిక ఎంత పెద్దదో ఆడవాళ్ళకి విడమరచి చెప్పనక్కరలేదు. రెండోది, కల్లు ముట్టినవారు ఆ పూట స్టీరింగు ముట్టరాదు. మావారు రెంటికీ ఒప్పుకొన్నారు. మొదటిదానికి కొంచెం ఆలోచించి ఒప్పుకొన్నారని చెప్పక తప్పదు.

బయలుదేరింది ఫిబ్రవరి నెలాఖరున. ఆ రోజుల్లో గుంటూరులో గాలి పీల్చడం కూడా భోజనం కిందే లెక్క. పల్లెలనుంచి మిరపకాయ బస్తాలు లారీలమీద లారీలుగా యార్డుకి చేరుతూంటాయి. అటువైపు వెళ్ళిన కొత్తవాళ్ళు తుమ్ముతారు; మావంటివాళ్ళకి ఆకలేస్తుంది. మా గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత అతిశయపడతాం గాని, మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడలమీద మన దేశానికి దిగి, ఇక్కడి మిరియం పేరునే కాస్త మార్చి పెట్టుకొని స్థిరపడింది. కొండవీటి రెడ్డిరాజుల కాలానికి ఇక్కడ మిరపకాయ లేదు. శ్రీనాథుడు ఇదే నేలమీద తిరిగి, మిరియాల కారంతోనే సరిపెట్టుకొని పోయాడన్నమాట. పల్నాటి జొన్నన్నం మీద విసుక్కొన్నాడని ఆయన పేర చాటువులు చెప్పుకొంటారు గదా, ఆ జొన్నన్నంలోకి కాస్త పండుమిరపకాయ పచ్చడి పడివుంటే ఆ చాటువులు మరోలా వుండేవని నా అభిప్రాయం. ఈ మాట కారులో అంటే మావారు, "పరిశోధకులకి రాయి" అన్నారు.

చేబ్రోలు, పొన్నూరు దాటేవరకూ విశేషం లేదు. డెల్టా కాలవలు, వరి కోసేసిన మళ్ళలో మినుము, పొన్నూరులో నెయ్యీ కారప్పొడీ వేసిన ఇడ్లీలు. నాకు ముందు వడ్డించారు. మావారు తన పళ్ళెం వచ్చేలోగా నా పళ్ళెంవంక చూశారు. నేను చూడనట్టు తిన్నాను.

2022 ఏప్రిల్‌నుంచి జిల్లా ముఖ్యపట్టణమయిన బాపట్లలో ఆగకుండా సూర్యలంక చేరాం. ఆ రాత్రికి బస అక్కడే. సముద్రం చూడగానే నాలుగు మాటలు వర్ణించాలని వుంటుంది గాని, నా చూపు ఒడ్డున దిగుతున్న గంపలమీద పడింది. వంజరం, చందువ, మాగ మంచి ధర పలికి, ఐసు పెట్టెల్లోకి వెళ్ళిపోతాయి. అందులోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకి నిషేధం గనక, ఫిబ్రవరి మార్చి నెలల్లోనే నాలుగు డబ్బులు చూసుకోవాలి వాళ్ళు. ఒడ్డున మిగిలేవి కవళ్ళు. జానెడు పొడుగుకూడా వుండవు, ముళ్ళు మాత్రం ఒళ్ళంతా. గంప దించిన ఒకావిడని, "ఇవి మీరెలా వండుకొంటారమ్మా?" అని అడిగాను. "వండి పెడితే తింటావా?" అంది. నా జన్మలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు మా అమ్మ తరువాత ఆవిడే!

వెనకాల తాటాకు పంచలో మట్టిచట్టి పొయ్యిమీదికి ఎక్కింది. వేసిందల్లా చింతపండు రసం, ఉల్లిపాయ, మెంతిపిండి, దోసెడు కారం. దోసెడంటే నిజంగానే దోసెడు. గుంటూరుదాన్నయిన నాకే గుండె ఝల్లుమంది. గరిటె పెట్టి కలపలేదు. చట్టి చెవులు పట్టుకొని వూపింది, ముక్క చెదరకుండా. "రేపు తింటే ఇంకా బాగుంటది, రాత్రికి వుండండి" అంది. రేపటిదాకా ఎవరాగుతారు? తడి ఇసకలో పీటలు వేసుకొని, వేడన్నంలో ఆ ఎర్రటి పులుసు పోసుకొని, ముళ్ళు తీసుకొంటూ ముక్కు తుడుచుకొంటూ తిన్నాం. మావారు ఒక ముల్లు మింగి, అన్నం ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ వేయమన్నారు. నాపా లోయలో ఒక పూట భోజనానికి మావాడు ఎంత ఇచ్చాడో నాకు తెలుసు. ఈవిడ డబ్బు పుచ్చుకోదు! చివరికి చేపల ధర కింద మాత్రం తీసుకొంది.

మర్నాడు తెల్లవారుజామున మావారు చుక్క పెట్టిన తాటితోపుకి నడిచి వెళ్ళాం. ఇక్కడ నా సంగతి చెప్పాలి.

మా పుట్టిల్లు పర్చూరు దగ్గర పల్లె. నల్లరేగడి భూమి, పత్తి, మిరప. మా నాన్న పత్తిరైతు. నా చిన్నతనంలో శీతాకాలం వెళ్ళే రోజుల్లో, పొలంనుంచి వస్తూ ఎప్పుడైనా తోపులో ఆగి ఓ ముంత కల్లు తాగి వచ్చేవాడు. ఆ సాయంత్రాలు ఇల్లంతా నవ్వులే. నన్ను భుజంమీద ఎక్కించుకొని వసారాలో తిప్పుతూ, రాని పాటలన్నీ పాడేవాడు. అమ్మ కోపం నటించేది. తరువాత 1987-88లో మా ప్రాంతం పత్తిమీద తెల్లదోమ పడింది. మందు మీద మందు కొట్టారు. దోమ చావలేదు, అప్పు పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ పురుగుమందే తాగి ఎందరో రైతులు చచ్చిపోయారు. మా నాన్న ఆ పని చేయలేదు. పల్లెపల్లెకీ ప్లాస్టిక్ పాకెట్లలో దిగిన సారా తాగాడు. నా పెళ్ళికి ఎకరం అమ్మాడు. సారాకి ఎన్ని కుంటలు పోయాయో అమ్మకే తెలుసు. పాటల మాట అటుంచి, మనిషి మాటే లేకుండా పోయింది. 1991లో కాలేయం చెడి పోయాడు.

మరుసటి ఏడు నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకొన్న ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారన్న వార్త వచ్చింది. అది వూరూరికీ పాకింది. మా అమ్మ, అంతకుముందు గడపదాటి గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, చీపురు పట్టుకొని సారాకొట్టు ముందు బైఠాయించింది. పుట్టింటికి వెళ్ళిన నేనూ పక్కన కూర్చొన్నాను, చంకలో మా పెద్దవాడితో. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యానికే నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ తరువాతి సంగతి మీ వీధి మలుపులో మీరు చూస్తూనే వున్నారు. మా ఇంట్లో మాత్రం సీసా అన్నది నెయ్యికీ, తేనెకీ, ఆముదానికీ తప్ప మరిదేనికీ వాడలేదు. మావారు ఒక్కనాడూ ఇదేమని అడగలేదు.

తోపులో మంచు ఇంకా విడలేదు. గీసే ఆయన మోకు వేసుకొని చెట్టెక్కుతున్నాడు. కింద ఆయన భార్య కుండలు కడుగుతోంది. ఆవిడ చెప్పిన వివరం నాకు బాగా నచ్చింది. చెట్టుమీద గెలకి కత్తితో పల్చగా చెక్కు తీసి ముంత కడతారు. పూటపూటకీ చెక్కాలి, లేకపోతే గాయం ఎండిపోతుంది. ముంతలోపల సున్నం రాస్తే రసం పులవదు. చక్కెరలా తియ్యగా వుంటుంది. దాన్నే కాస్తే తాటిబెల్లం. సున్నం లేకపోతే చెట్టుమీద వుండగానే పులవడం మొదలు పెడుతుంది. తెల్లవారితే ఒక రుచి, మధ్యాహ్నానికి మరో రుచి, మర్నాటికి నోట పెట్టలేం. అంటే దీన్ని సీసాలో బిగించి అమెరికా పంపడం కుదరదు. తాగదలుచుకొన్నవాడు చెట్టు దగ్గరికి నడిచి రావలసిందే.

"నువ్వు తాగుతావా అక్కా?" అన్నాను.

"నాకు కల్లంటే గిట్టదమ్మా. చెట్టంటే బయ్యం" అంది. నాలుగేళ్ళనాడు ఆయన పైనుంచి జారి పడ్డాడట. ఆరునెలలు మంచంమీద వున్నాడు. "మళ్ళీ ఎక్కుతానంటే కాళ్ళు పట్టుకొన్నా. ఇంకేం జేస్తాం, పిల్లోళ్ళు ఈ పనికి రానన్నారు. ఈయన దిగిందాకా నా పేణం పైనే వుంటది." మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు చెట్టు తలమీదే వున్నాయి. కడిగిన కుండనే మళ్ళీ కడుగుతోంది.

ఆయన దిగాడు. తాటాకు దొప్ప మడిచి, నురగ ఊది, మావారికి పోశాడు. మావారు నాపా లోయ మర్యాద ప్రకారం దొప్పని గిరగిరా తిప్పబోయారు. సగం చొక్కామీద పడింది. మిగతా సగం పట్టుకొని, తాగకుండా నావంక చూశారు. నేను తల అడ్డంగా వూపితే అక్కడే పారబోసేటట్టు వుంది ఆ చూపు.

అప్పుడు ఆ నురగ వాసన నా ముక్కుకి తగిలింది. పులిసిన పిండి వాసన, దానివెనక పచ్చి తాటాకు వాసన. ఆ వాసన నేను సారాకొట్టు దగ్గర ఎన్నడూ ఎరగను. అది మా నాన్న భుజంమీద కూర్చొన్నప్పుడు, ఆయన జుట్టు పట్టుకొని వంగినప్పుడు వచ్చిన వాసన! మూడు దశాబ్దాలపైగా మా నాన్న అంటే మంచంపక్కన పాకెట్లు, పచ్చబడ్డ కళ్ళు, ఇవే నా కళ్ళముందుకి వచ్చేవి. పాటలు పాడిన మనిషి ఎక్కడికి పోయాడో నాకే తెలియలేదు. ఆ తోపులో నిలబడితే, పాట చరణంతో సహా జ్ఞాపకం వచ్చింది.

"నాకూ ఓ దొప్ప మడవమనండి" అన్నాను.

మావారి ముఖం మీరు చూడవలసింది! నేను తాగింది రెండు గుక్కలు. మొదట తీపి, వెంటనే పులుపు, గొంతు దిగాక కొంచెం ఘాటు. పాయసం విరిగితే ఇలా వుంటుందేమో. గొప్ప రుచి అని నేను చెప్పను. మూడో గుక్క అక్కరలేకపోయింది. మావారు తనది పూర్తిచేసి, చెట్టుకి ఆనుకొని, "ఇందులో ఏం వాసన తెలుస్తోంది నీకు?" అన్నారు, ఆ అమెరికా వాళ్ళలాగే. నేను చెప్పలేదు. మధ్యాహ్నందాకా కారు తీయలేదు లెండి. షరతు షరతే, రెండు గుక్కలయినా అది నాకూ వర్తించింది.

ఆ సాయంత్రం చీరాల ఓడరేవులో రొయ్యల వేపుడు. అది సముద్రపు రొయ్య. దారిపొడుగునా చెరువుల్లో పెరిగే వనామి రొయ్యలో చాలా భాగం ఓడలెక్కి పైదేశాలకి పోతుంది. మన రోడ్డుపక్క పెరిగి మన పళ్ళెంలోకి రాదు. రాత్రి చీరాలలోనే పడుకొని, మూడోనాడు పొద్దున్నే వేటపాలెం వెళ్ళాం. జీడిపప్పు కాల్చే వాసన వూరంతా. పప్పు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే ఆ కాజూ బర్ఫీ గొంతు దిగదు. పెంకులోని జిడ్డు చర్మాన్ని కాల్చి నల్లగా చేస్తుంది. గుండ్లు కొనే తాహతు మాకు లేక బద్దలు కొన్నాం. 1918లో మొదలైన సారస్వత నికేతనం ఈ వూళ్ళోనే వుంది. ఆ భవనానికి 1929లో గాంధీగారు పునాదిరాయి వేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ చూపిస్తారు. పాత పత్రికల సంపుటాలు బీరువాలనిండా వున్నాయి. మావారు చరిత్ర చదువుతూంటే నేను వంటల పుటలు తిరగేశాను.

మోటుపల్లిలో తినడానికేమీ లేదు. అయినా ఆగాం. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇప్పుడు ఇసకా, సరుగుడు తోపులూ. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకంతా రాజులు స్వాధీనం చేసుకొనే రోజుల్లో, కాకతి గణపతిదేవుడు 1244లో ఇక్కడ రాతిస్తంభంమీద అభయశాసనం చెక్కించాడు: సుంకం కట్టండి చాలు, మీ సరుకు మీదే, అని. చందనం, కర్పూరం, ముత్యాలు దిగిన రేవది. ఈ వూరినే ముత్ఫిలి అన్న మార్కోపోలో ఇక్కడి బట్టని సాలెగూడుతో పోల్చాడు. చీరాలలో మగ్గాలమీద నూలు చూసి వచ్చిన కళ్ళకి ఆ పోలిక అతిశయోక్తి అనిపించలేదు. తరువాత చినగంజాం ఉప్పుమళ్ళు, అద్దాలు పరిచినట్టు. మడిగట్టున తెల్లటి కుప్పలు. చిటికెడు నాలుకమీద వేసుకొన్నాను. నిన్నటి పులుసులో ఇదే పడివుంటుంది.

ఒంగోలులో అల్లూరయ్య మైసూరుపాకు తిన్నాం. నోట్లో పెట్టగానే నెయ్యే మిగులుతుంది, మిగతాదంతా ఎటు పోయిందో తెలియదు. మావారు లెక్క వేశారు: జీడిమామిడి బ్రెజిలునుంచి మనకి వచ్చింది, ఒంగోలు గిత్త మననుంచి బ్రెజిలుకి వెళ్ళి, అక్కడ నెల్లూరు పశువు పేరుతో మందలు మందలయింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది మరి. "సరికి సరి" అన్నారు. గిత్తని ఇచ్చి పప్పు పుచ్చుకొన్నవాళ్ళం, సరికి సరి ఎలా అవుతుందో నాకు బోధపడలేదు.

మర్నాడు పెద్దరోడ్డు మీద మార్టూరు దాటాక, చిలకలూరిపేటకి ఇవతల, రోడ్డుపక్క మిరపకల్లం కనబడితే ఆపించాను. అర ఎకరం మేర ఎర్రగా పరచి వుంది. అటు పక్క పత్తిచేను, ఆఖరి తీతకూడా అయిపోయి, కట్టె మిగిలింది. కూలివాళ్ళు గొడుగుతుమ్మ నీడన అన్నాలు తింటున్నారు. పండుమిరపకాయ పచ్చడి వాసన వస్తోంది. నేను నిలబడి చూడడం చూసి, పెద్దావిడ ఒకతె గిన్నె మూతలో ఇంత ముద్ద పెట్టి చేతికిచ్చింది.

"ఏ వూరు పోతన్నారమ్మా? పెళ్ళికా?"

"పెళ్ళికి కాదు."

"పొలం చూట్టానికా?"

"పొలం ఎప్పుడో పోయిందమ్మా. ఊరికే... తినడానికి తిరుగుతున్నాం" అన్నాను.

ఆవిడ పక్కవాళ్ళకి చెప్పింది. వాళ్ళంతా ఒకటే నవ్వు. నవ్వలేక ఒకతె తుమ్మింది, దాంతో అందరూ తుమ్మారు. "అయితే ఇంకో ముద్ద తిను" అంటూ ఆవిడ మళ్ళీ గిన్నెలో చెయ్యి పెట్టింది. మావారు కారు దిగి, తనకీ ఓ మూత దొరుకుతుందేమోనని చూస్తున్నారు.